రొయ్యల గుంట గట్టు మీద వెల్డింగ్: షాక్ కొట్టకుండా

నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట, ముత్తుకూరు వైపు గుంటల మీద ఏరేటర్ (నీళ్లలో గాలి కలిపే యంత్రం) ఫ్రేమ్ విరిగితే గట్టు మీదే అతికించేస్తుంటారు. కాళ్ల కింద ఉప్పు తడి, ఒంటినిండా చెమట. వెల్డింగ్‌కి ఇంతకన్నా చెడ్డ చోటు ఉండదు. ముందు మోటారు కనెక్షన్ తీసేసి, వీలైతే ఫ్రేమ్‌ను ఎండిన చోటికి మోయండి.

మిషన్ బాడీకి ఎర్తింగ్ ఇవ్వండి, సప్లైకి 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సప్లై ఆపేసే స్విచ్) పెట్టండి. అయితే రాడ్డు పట్టే హోల్డర్ వైపు కొట్టే షాక్‌ను ఆ ఆర్‌సీసీబీ ఆపదు, మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది గనక. చాలామంది మోసపోయేది ఇక్కడే. ఆర్క్ లేనప్పుడు రాడ్డుకూ ఫ్రేముకూ మధ్య దాదాపు 50 నుంచి 90 వోల్టులు ఉంటాయి. పొడి ఒంటికి చురుక్కుమని ఊరుకోవచ్చు, తడి ఒంటికి ప్రాణమే పోవచ్చు. అందుకే రాడ్ మార్చేటప్పుడు కూడా పొడి తోలు గ్లవ్స్ తీయొద్దు. చెమటకు తడిస్తే వేరే జత వేసుకోండి. రబ్బరు సోల్ బూట్లు, కింద ఎండు చెక్క. హోల్డర్‌ను చంకలో ఇరికించుకునే అలవాటు మానాలి.

ఎర్త్ క్లాంప్ (మిషన్ రెండో కేబుల్‌ను ఫ్రేముకు పట్టించే క్లిప్పు) బిగించే చోట తుప్పు గీకి, అతుకు పక్కనే పట్టించండి. దూరంగా వేస్తే కరెంటు మోటారు బేరింగుల గుండా పోయి వాటిని కాల్చేస్తుంది.

జీఐ పైపైతే అతుకు చుట్టూ జింకు పూత గీకేయండి, మాస్కు పెట్టుకుని పొగకు పక్కగా ఉండండి. ఆ తెల్లపొగ పీలిస్తే కొన్ని గంటలకు చలిజ్వరం వస్తుంది. పాలు తాగితే విరుగుడన్నది ఉత్తమాట.

షీల్డులో 10 లేదా 11 నంబరు అద్దం. నైలాన్ బట్టలు వద్దు. ఖాళీ డీజిల్ డ్రమ్మును బల్లగా వాడొద్దు, లోపలి ఆవిరి పేలుతుంది.