నడిరాత్రి పిక్క పట్టేస్తే

మా అనంతపురం వైపు శెనక్కాయ చెట్లు పీకే రోజుల్లో పగలంతా వంగి పనిచేస్తే, నడిరాత్రి పిక్క రాయిలా బిగుసుకుపోతుంది. మా అమ్మకు ఈమధ్య వరుసగా మూడు రాత్రులు ఇదే బాధ. పిసికేకొద్దీ నొప్పి ఇంకా ఎక్కువైంది.

చివరికి ఇలా చేస్తే తగ్గింది. మంచం మీదే కూర్చుని మోకాలు చాచాలి. కాలి వేళ్లను సొంత బలంతోనే ముఖం వైపుకు పైకెత్తి, 20 నుంచి 30 సెకన్లు అలాగే ఉంచి మెల్లగా వదలాలి. ఇలా మూడుసార్లు. బలం చాలనివాళ్లు పాదానికి తువ్వాలు వేసి రెండు చేతులతో లాగి పట్టుకోవచ్చు, కానీ వేళ్లు పైకెత్తే ప్రయత్నం మాత్రం మానకూడదు. అసలు కిటుకు అక్కడే ఉంది. కాలి ముందు కండరాన్ని బిగించమని మెదడు పంపిన కబురు, వెన్నుపాములోని ఇంటర్‌న్యూరాన్లకు కూడా అందుతుంది. ఇవి వెన్నుపాము దాటి బయటికి రాని పొట్టి నాడీకణాలు. పిక్కను నడిపే నాడీకణం మీద గ్లైసీన్ అనే రసాయనాన్ని వదిలి దాన్ని నెమ్మదింపజేస్తాయి. దాంతో ముందు కండరం బిగుస్తుంటే వెనక పిక్క వదులవుతుంది. అమ్మకు రెండోసారికే గట్టిదనం కరిగినట్టు చేతికి తెలిసింది.

ఒక్కసారిగా గుంజొద్దు. ఒక కాలు మాత్రమే వాచి, ఎర్రబడి, ముట్టుకుంటే వేడిగా ఉండి నొప్పి తగ్గకపోతే ఈ చిట్కా పనికిరాదు. రక్తనాళంలో గడ్డ కట్టి ఉండొచ్చు. పిసకకుండా వెంటనే డాక్టరుకు చూపించండి.