కొమ్మ కోసేటప్పుడు రంపం ఎక్కడ పెట్టాలి

చెట్టుకు తగిలిన గాయం మన గాయంలా మానదు. పాడైన చెక్క మళ్లీ బాగుపడదు. చెట్టు దాని చుట్టూ లోపల అడ్డుగోడలు కట్టుకుని, పైనుంచి కొత్త చెక్కతో కప్పేసుకుంటుంది. అమెరికా అటవీ సేవా విభాగంలో పనిచేసిన అలెక్స్ షైగో ఎన్నో చెట్లను నిలువునా కోసి చూసి 1970లలో దీన్ని వివరించాడు. ఆ గోడ నిలుస్తుందా లేదా అన్నది మనం రంపం పెట్టిన చోటును బట్టి ఉంటుంది.

కొమ్మ మొదలు అడుగున, పక్కల కాస్త ఉబ్బెత్తుగా ఉంటుంది. పైన పంగలో బెరడు ముడుచుకుని గరుకు గీతలా కనిపిస్తుంది. ఆ ఉబ్బులో కాండం కణజాలం ఉంటుంది, కుళ్లును ఆపే శక్తి కూడా అక్కడే ఉంటుంది. కోత ఆ గరుకు గీతకు బయటి పక్కన మొదలై, ఉబ్బును తాకకుండా దాని అంచున ముగియాలి. చాలా కొమ్మలకు ఈ కోత కాండానికి సమాంతరంగా రాదు, కింది కొస కొంచెం బయటికి వాలుతుంది. నున్నగా కనిపించాలని కాండానికి సమంగా కోస్తే ఉబ్బు పోతుంది, గాయం పెద్దదవుతుంది, కుళ్లు నేరుగా మానులోకి దిగుతుంది. జానెడు మోడు వదిలినా నష్టమే. ఆకుల్లేని ఆ ముక్క ఎండి కుళ్లిపోతుంది, అది అడ్డుండగా కొత్త చెక్క గాయాన్ని మూయలేదు.

బరువైన కొమ్మను ఒకే కోతతో తీయొద్దు. సగం తెగేసరికి విరిగి, కాండం బెరడును కిందిదాకా చీల్చుకుంటూ పడుతుంది. మూడు కోతలు కావాలి. మొదటిది కాండానికి సుమారు 30 సెంటీమీటర్ల దూరంలో, కింది నుంచి, మందంలో మూడో వంతు వరకు. రంపం బిగుసుకోకముందే ఆపాలి. రెండోది దానికి 3–5 సెంటీమీటర్లు అవతల, పైనుంచి పూర్తిగా. కొమ్మ మధ్యలో విరిగినా చీలిక మొదటి కోత దగ్గరే ఆగుతుంది. బరువు పోయాక, మిగిలిన మోడును ఉబ్బు బయట మూడో కోతతో తీసేయాలి.

సన్నని రెమ్మలకు పదునైన సికేచర్ (కొమ్మలు కత్తిరించే చేతి కత్తెర) చాలు, లావు వాటికి రంపమే. కత్తితో, గొడ్డలితో నరికితే అంచులు నలిగి చీలిపోతాయి. తెగులున్న చెట్టును ముట్టుకున్న పనిముట్టును 70 శాతం ఆల్కహాల్‌తో తుడిచాకే ఇంకో చెట్టు మీద పెట్టండి.

అన్నిటికన్నా ఘోరం తల నరకడం. ఎత్తు తగ్గుతుందని పెద్ద కొమ్మలన్నీ ఎక్కడపడితే అక్కడ నరికేస్తారు. ఆకులు పోయిన చెట్టు దాచుకున్న ఆహారమంతా ఖర్చుపెట్టి, మోళ్ల చుట్టూ గుబురుగా చిగుళ్లు వేస్తుంది. అవి త్వరగా పెరిగి పాత ఎత్తును అందుకుంటాయి. కానీ పైపొరల్లోనే అతుక్కుని ఉంటాయి, అడుగున మోడు కుళ్లుతూ ఉంటుంది. కొమ్మలు లావయ్యాక గాలివానకు విరిగిపడేది ఇక్కడే. నీడ పోయిన బెరడు ఎండకు కాలి పగులుతుంది కూడా. ఎత్తు తగ్గించక తప్పకపోతే, తీసే కొమ్మ మందంలో కనీసం మూడో వంతు లావున్న పక్క కొమ్మ దాకా వెనక్కి కోయండి. ఇకపై ఆ పక్క కొమ్మే కొసగా పెరుగుతుంది.

ఏడాదిలో పచ్చని కొమ్మలు నాలుగో వంతుకు మించి తీయకూడదు, ముసలి చెట్టుకు ఇంకా తక్కువ. 5 సెంటీమీటర్లలోపు గాయాలు త్వరగా మూసుకుంటాయి, 10 దాటినవి చాలాసార్లు మూసుకోవు. కాబట్టి ఒకదానికొకటి రాసుకునే కొమ్మలను, ఇరుకు పంగలను చెట్టు చిన్నగా ఉన్నప్పుడే సరిచేయడం మేలు. ఎండు కొమ్మలను ఎప్పుడైనా తీయొచ్చు. పచ్చివాటిని చాలా చెట్లకు కొత్త చిగురు రాబోయే ముందు కోయడం మంచిది, లేతాకులు విప్పుకుంటున్నప్పుడు మాత్రం వద్దు.

కోసిన చోట పెయింట్, తారు పూయకండి. అవి కుళ్లును ఆపవు, తడిని లోపలే పట్టి ఉంచొచ్చు.

కరెంటు తీగల దగ్గరి కొమ్మల జోలికి సొంతంగా వెళ్లకండి. పచ్చి కొమ్మ గుండా కూడా కరెంటు పారుతుంది. విద్యుత్ సిబ్బందిని పిలవండి.