సోలార్ పెట్టుకోవాలా? ముందు ఫ్యాన్లు చూడండి, ప్యానెల్ తర్వాత

సోలార్ అనగానే అందరూ అడిగేది ఎన్ని వాట్ల ప్యానెల్ కొనాలి అని. అది చివర్లో తేలే లెక్క. ముందు ఓ కాగితం తీసుకుని ఇంట్లో ఏది ఎన్ని వాట్లు, రోజుకి ఎన్ని గంటలు నడుస్తుందో రాసి, రెండూ గుణించి, అన్నీ కూడండి. వెయ్యితో భాగిస్తే యూనిట్లు.

9 వాట్ల ఎల్‌ఈడీ బల్బులు నాలుగు, 6 గంటలు: 216 వాట్-గంటలు. 75 వాట్ల మామూలు ఫ్యాన్లు రెండు, 10 గంటలు: 1500. రౌటర్ 10 వాట్లు, రోజంతా: 240. మొత్తం 1956, దాదాపు 2 యూనిట్లు. ఆ ఫ్యాన్ల బదులు 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లు (తక్కువ కరెంటు తాగే బ్రష్‌లెస్ మోటారువి) పెడితే 1500 కాస్తా 600కి దిగి, మొత్తం 1056 అవుతుంది. అంటే ప్యానెల్, బ్యాటరీ రెండూ దాదాపు సగం చాలు. ఖర్చు తగ్గించే అసలు కిటుకు ఇదే, కాకపోతే ప్యానెల్ అమ్మేవాళ్లు ఇది ఎందుకు చెబుతారు!

ఇక పని చేసే తీరు. సిలికాన్ సెల్ మీద వెలుగు పడితే ఎలక్ట్రాన్లు కదిలి డీసీ కరెంటు (ఒకే దిశలో పారేది) పుడుతుంది. ఒక్కో సెల్ ఇచ్చేది అర వోల్టు పైచిలుకే, అందుకే పదుల సెల్స్ వరసగా కలిపి ప్యానెల్ చేస్తారు. కావాల్సింది వెలుగు, వేడి కాదు. సెల్ 25 డిగ్రీలు దాటాక పెరిగే ప్రతి డిగ్రీకీ సుమారు 0.3 నుంచి 0.4 శాతం పవర్ తగ్గుతుంది కాబట్టి కప్పుకి ఆనించేయకుండా కింద గాలి ఆడేలా బిగించండి. నీడ ఇంకా పెద్ద తలనొప్పి: ఒక మూల చిన్న కొమ్మ నీడ పడినా, సెల్స్ వరసగా ఉన్నాయి కాబట్టి, ఆ మూల వరకే కాదు, చాలా ఎక్కువే పోతుంది.

రోజుకి నాలుగున్నర గంటల పూర్తి ఎండకి సమానమైన వెలుగు దొరికితే, దారిలో 30 శాతం పోతుందనుకుంటే, 1056ని 4.5తో, మళ్లీ 0.7తో భాగించండి. 335 వాట్లు వస్తుంది. 400 వాట్ల ప్యానెల్ ఒకటి సరిపోతుంది.

బ్యాటరీ దగ్గరే డబ్బు కరిగిపోతుంది. 12 వోల్టుల 100 ఏహెచ్ (ఆంపియర్-గంటల) లెడ్ యాసిడ్ బ్యాటరీలో కాగితం మీద 1200 వాట్-గంటలు ఉన్నా, అది ఎక్కువకాలం మన్నాలంటే సగమే వాడాలి. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలో 80 శాతం వాడినా ఇబ్బంది లేదు, కొనేటప్పుడు గుండె గుభేలుమన్నా ఏళ్లు లెక్కేస్తే అదే నయం. కరెంటు అరుదుగా పోయే చోట అసలు బ్యాటరీయే వద్దు, గ్రిడ్‌కి, అంటే వీధి కరెంటు లైనుకి కలిపే ఇన్వర్టర్ (ప్యానెల్ డీసీని ఇంట్లో వాడే ఏసీగా మార్చేది) చాలు. కాకపోతే కరెంటు పోతే అదీ ఆగిపోతుంది, ఎంత ఎండ ఉన్నా సరే, ఎందుకంటే లైన్ మీద పనిచేసేవాళ్లకి షాక్ కొట్టకూడదు. ఇది పాడైపోవడం కాదు. గ్రిడ్‌కి కలిపే పని మాత్రం అనుమతి తీసుకుని, లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి.

పొదుపు చేయకూడనివి వైరు, ఫ్యూజు. 300 వాట్లకి 12 వోల్టుల మీద 25 ఆంప్స్ పారుతుంది, 24 వోల్టులైతే పన్నెండున్నరే, అదే వైరులో నష్టం నాలుగో వంతుకి పడిపోతుంది. ఫ్యూజు బ్యాటరీ ప్లస్‌కి వీలైనంత దగ్గర్లో ఉండాలి. బిగించేటప్పుడు చార్జ్ కంట్రోలర్‌కి (ప్యానెల్ నుంచి బ్యాటరీకి వెళ్లే కరెంటుని అదుపు చేసే పెట్టెకి) మొదట బ్యాటరీ కలపాలి, ఆ తర్వాతే ప్యానెల్. విప్పేటప్పుడు ముందు ప్యానెల్.