కాపీరైట్ పాఠాలు – 3: ఫొటో మీదే, మరి అందులోని కట్టడం?

మనం తీసిన ఫొటోకి హక్కుదారులం మనమేనని పోయిన పాఠంలో చెప్పుకున్నాం. ఈసారి ఫొటోలో కనిపించేదాని సంగతి. కట్టడాన్ని కూడా చట్టం ఒక కళాకృతిగానే చూస్తుంది, ఆర్కిటెక్ట్‌కి కాపీరైట్ ఇస్తుంది. అయినా వీధిలో అందరికీ కనిపించే కట్టడాన్ని ఫొటో తీసి పంచుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదని చాలా దేశాలు మినహాయింపు పెట్టుకున్నాయి. దీన్నే పనోరమా స్వేచ్ఛ అంటారు. చిక్కల్లా, ఇది దేశానికో తీరుగా ఉండడమే.

అప్‌లోడ్ చేసే ముందు మొదట చూడాల్సింది గడువు. ఆర్కిటెక్ట్ చనిపోయాక భారత్‌లో 60 ఏళ్లు, యూరోపియన్ యూనియన్ దేశాల్లో 70 ఏళ్లు హక్కు నడుస్తుంది. గుస్టావ్ ఐఫెల్ 1923లోనే పోయారు కాబట్టి ఐఫెల్ టవర్ పగటి ఫొటోకి ఏ అడ్డూ లేదు. రాత్రి దీపాలంకరణ మాత్రం 1985 నాటిది. అది వేరే కళాకృతి అని, రాత్రి ఫొటోలు వ్యాపారానికి వాడితే తమ అనుమతి కావాలని టవర్ నిర్వాహకులు అంటారు.

గడువు ఇంకా ఉంటే, ఫొటోలో ఉన్నది కట్టడమా, శిల్పమా, గోడమీది బొమ్మా అని విడదీసి చూడండి. భారత చట్టంలోని సెక్షన్ 52 కట్టడాల ఫొటోలకు అనుమతిస్తుంది. శిల్పం బహిరంగ స్థలంలో శాశ్వతంగా ఉన్నదైతే దానికీ సరేనంటుంది. గోడమీది చిత్రాల ఫొటోలకు మాత్రం ఈ వెసులుబాటు ఇవ్వలేదు. అమెరికాలో కట్టడాలకే స్వేచ్ఛ, శిల్పాలకు లేదు.

అక్కడి కేసు ఒకటి బాగా గుర్తుపెట్టుకోవాలి. వాషింగ్టన్‌లోని కొరియా యుద్ధ స్మారకంలో సైనికుల విగ్రహాలున్నాయి. మంచు కప్పేసిన ఆ విగ్రహాల ఫొటోతో తపాలా శాఖ 2003లో 37 సెంట్ల స్టాంపు వేసింది. ఫొటోగ్రాఫర్‌కి 1,500 డాలర్లు ఇచ్చింది. శిల్పి ఫ్రాంక్ గేలార్డ్‌ని మాత్రం అడగలేదు. ఆయన కోర్టుకెళ్లారు. చివరికి 2013లో 6,84,000 డాలర్లకు పైగా పరిహారం ఇవ్వాలని తీర్పు వచ్చింది. ఒకే బొమ్మలో రెండు హక్కులు. ఒకరి దగ్గర అనుమతి తీసుకుంటే రెండోవారిది తీసుకున్నట్టు కాదు.

ఇక మీరు నిలబడిన చోటు. జర్మన్ చట్టం వీధిలోంచి కనిపించే దృశ్యానికే స్వేచ్ఛనిస్తుంది. వియన్నాలో హుండర్ట్‌వాసర్ అనే చిత్రకారుడి పేరుతో ఉన్న ఇంటిని ఎదురుగా ఉన్న భవనం పైఅంతస్తులోని ఫ్లాట్ నుంచి ఫొటో తీసి, ఆ పోస్టర్లను జర్మనీలో అమ్మారు. వీధిలో వెళ్లేవాళ్లకి ఆ కోణం కనిపించదు గనుక మినహాయింపు వర్తించదని 2003లో జర్మనీ సుప్రీంకోర్టు తేల్చింది. కట్టడం అదే, రోడ్డు మీద నిలబడి తీసి ఉంటే గొడవే ఉండేది కాదు.

కళాకృతి శాశ్వతంగా ఉండాలన్న షరతు కూడా జర్మన్ చట్టంలో ఉంది. 1995లో క్రిస్టో, జాన్ క్లోడ్ అనే కళాకార దంపతులు బెర్లిన్‌లోని పార్లమెంటు భవనం రైక్‌స్టాగ్‌ను మొత్తం బట్టతో చుట్టి రెండు వారాలుంచారు. ఆ దృశ్యం ఫొటోలతో వేసిన పోస్టుకార్డులకు పనోరమా స్వేచ్ఛ దొరకలేదు.

ఫ్రాన్స్ 2016లో ఈ స్వేచ్ఛను తెచ్చింది కానీ వ్యక్తులకే, అదీ వ్యాపారం కాని వాడకానికే. నా దృష్టిలో ఇది సగం తలుపు తెరవడమే. ఎవరైనా ఏ పనికైనా వాడుకోవచ్చన్న షరతుతో నడిచే, వికీపీడియాకి బొమ్మలందించే వికీమీడియా కామన్స్‌లో అలాంటి ఫొటోకి చోటుండదు. ఆ కట్టడం గురించి చదువుకునే పిల్లలకి బొమ్మ లేకుండా పోతుంది.

ఈ వారం అభ్యాసం: పారిస్‌లోని లూవ్ర్ పిరమిడ్ ఆర్కిటెక్ట్ ఐ.ఎం. పెయ్ 2019లో చనిపోయారు. మీరు దాని ఫొటో తీశారనుకోండి. మీ పేజీలో స్నేహితుల కోసం పెట్టొచ్చా? క్యాలెండర్ అచ్చువేసి అమ్మొచ్చా? హక్కు ఏ సంవత్సరం చివరిదాకా నడుస్తుంది? కారణాలతో రాసిపెట్టుకోండి, వచ్చే పాఠం వాటితోనే మొదలుపెడదాం.