తాత రైల్లో పనిచేశాడా? కాగితాలు ఇలా వెతకండి

మా ఇంట్లో తాత పెన్షన్ బుక్కు ఉంది. దాని మీద సౌత్ ఈస్టర్న్ రైల్వే అని ఉంటుంది. అది పట్టుకుని ఆయన ఉద్యోగంలో చేరిన కాగితం కోసం రెండేళ్లు ఆ పేరుతోనే తిరిగాను. దొరకలేదు. ఎలా దొరుకుతుంది? ఆ రైల్వే 1955 ఆగస్టు 1న పుట్టింది. మా తాత అంతకు ఎన్నో ఏళ్ల ముందే శ్రీకాకుళం జిల్లా తెంబూరు దగ్గర కీమేన్. పొద్దున్నే సుత్తి భుజాన వేసుకుని పట్టాల వెంట నడవడం, పట్టాని పట్టి ఉంచే కీ వదులైతే కొట్టి బిగించడం, మళ్లీ నడవడం. అదే ఆయన పని.

కాబట్టి మొదట తేల్చుకోవలసింది ఏడాది. ఆ తర్వాతే రైల్వే పేరు.

ముసలాళ్లని "ఏ సంవత్సరం?" అని అడక్కండి. నేను అడిగితే మా పెద్దత్త "ఏటో, నాకేటి తెలుసురా" అంది. అదే "విశాఖలో బాంబు పడ్డప్పటికి తాత రైల్లో ఉన్నాడా?" అంటే వెంటనే చెప్పింది: "ఉన్నాడు. ఆ వార్త మోసుకొచ్చింది ఆయనే." బాంబు పడింది 1942 ఏప్రిల్ 6న. అణాలు పోయి నయాపైసలు రావడం (1957 ఏప్రిల్ 1), మన శ్రీకాకుళం జిల్లా ఏర్పడటం (1950 ఆగస్టు 15) కూడా ఇలా అడగడానికి పనికొస్తాయి.

ఏడాది తెలిశాక పేరు. తాత పనిచేసిన మా లైను పర్లాకిమిడి రాజావారు వేయించింది. నౌపడ నుంచి పర్లాకిమిడికి రెండున్నర అడుగుల గేజి (పట్టాల మధ్య వెడల్పు) మీద 1900లో బండి నడిచింది, 1931 నాటికి గుణుపూరు చేరింది. కాగితాల్లో దాని పేరు పర్లాకిమిడి లైట్ రైల్వే. ఊళ్లో మాత్రం చిన్న రైలే. (కదులుతున్న బండి దిగి, పని ముగించుకుని మళ్లీ ఎక్కేవాళ్లమని అందరూ చెబుతారు. నేనే ఎక్కాను అన్నవాడు మాత్రం నాకింతవరకు తగల్లేదు.) నౌపడ దగ్గర అది కలిసే పెద్ద లైను బెంగాల్ నాగపూర్ రైల్వేది, అంటే పెద్దవాళ్ల నోట్లో బి.ఎన్.ఆర్. విజయనగరం నుంచి పార్వతీపురం మీదుగా రాయపూర్ వెళ్లే లైను కూడా వాళ్లదే.

బి.ఎన్.ఆర్. దగ్గర చాలామంది బోల్తా పడతారు. ఆ కంపెనీని ప్రభుత్వం 1944 అక్టోబరు 1న తీసుకుంది కానీ పేరు మార్చలేదు. 1952 ఏప్రిల్ 14న ఈస్టర్న్ రైల్వేలో కలిసేదాకా అదే పేరు. అందుకని కాగితం మీద బి.ఎన్.ఆర్. కనిపించగానే కంపెనీ రోజుల నాటిది అనుకోకండి. మూడేళ్లకే 1955లో ఈస్టర్న్ నుంచి సౌత్ ఈస్టర్న్ విడిపోయింది. 2003లో మన లైను ఈస్ట్ కోస్ట్ రైల్వేలోకి వెళ్లింది. మా తాత కుర్చీ కదలకుండానే ఇన్ని బోర్డులు మారాయి. కుర్చీ కూడా కాదులెండి, సుత్తి.

ఇంట్లో పాత అట్ట టికెట్టు ఉంటే అది బంగారం. అగ్గిపెట్టె పైముఖం అంత ఉంటుంది. వెలుతురుకి ఏటవాలుగా పట్టుకుని చూడండి, చివర తేదీ నొక్కుడు గుర్తులు కనిపిస్తాయి. సిరా పోయినా నొక్కు పోదు. తేదీ అరిగిపోతే ఛార్జీ చూడండి. అణాల్లో ఉంటే దాదాపుగా 1957కి ముందుది. "నయా" అన్నమాట 1964లో పోయింది. థర్డ్ క్లాస్ అని ఉంటే 1974 లోపుది. అత్త ట్రంకుపెట్టెలో నాకు దొరికింది పాతపట్నం నుంచి నౌపడకి, అణాల్లో. ఏ పెళ్లికి వెళ్లిందో ఆమెకే గుర్తు లేదు.

పెన్షన్ బుక్కు లేదని బెంగపడకండి. రైల్వేలో పెన్షన్ పద్ధతి వచ్చింది 1957 నవంబరులో. అంతకుముందు రిటైరైనవాళ్లకు ప్రావిడెంట్ ఫండే, కాబట్టి ఫండు రసీదులు వెతకండి.

ఆఫీసులకు వెళ్లేముందు జిల్లా సంగతి కూడా చూసుకోండి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడ్డప్పుడు పర్లాకిమిడి పట్నం అటు వెళ్లింది, పాతపట్నం, టెక్కలి ఇటు ఉండిపోయాయి. ఒకే లైను, రెండు రాష్ట్రాలు. టెక్కలి అప్పటిదాకా గంజాం జిల్లా, తర్వాత విశాఖ జిల్లా, 1950 నుంచి మనది. పాత భూసేకరణ కాగితాలైతే మద్రాసు ఆర్కైవ్స్‌లో గంజాం పేరుతో అడగాలి. శ్రీకాకుళం అంటే అక్కడి గుమాస్తా తల అడ్డంగా ఊపుతాడు. నా అనుభవం అది.

రైల్వేని సమాచార హక్కు కింద అడగొచ్చు, ఫీజు పది రూపాయలు. తాత పేరు, తండ్రి పేరు, పనిచేసిన స్టేషను, రిటైరైన ఏడాది రాయండి. "వివరాలన్నీ ఇవ్వండి" అని మాత్రం రాయకండి, సర్వీసు రిజిస్టరు నకలు కావాలని ఒకే ఒక్క ముక్క అడగండి.

చివరగా, దొరికిన కాగితాన్ని జెరాక్స్ షాపువాడు లామినేషన్ చేసేద్దామంటే ఒప్పుకోకండి. తాత ఉచిత పాసు ఒకటి నేను అలాగే పాడు చేసుకున్నాను, సిరా మరకలా పరుచుకుపోయి పేరు కూడా చదవలేం. ఫోన్లో రెండు వైపులా ఫోటో తీసి, కాగితాన్ని మడవకుండా పాత పుస్తకం మధ్యన పెట్టండి.