హెడ్ గ్యాస్కెట్ పనికి ముందు: బ్లాకు మీద డిస్కు పెట్టకండి

ఎండలు ముదిరితే ఆటోనగర్‌లో హెడ్లు దిగడం మొదలవుతుంది. హెడ్డంటే ఇంజన్ పైమూత, బ్లాకంటే సిలిండర్లుండే కింది భాగం, ఆ రెంటి మధ్య సీలు హెడ్ గ్యాస్కెట్. రేడియేటర్‌కు మట్టి పట్టి, ఫ్యాన్ సరిగ్గా తిరగక, ఏసీ ఆపకుండా ఘాట్ రోడ్డు ఎక్కిన బండ్లన్నీ రోహిణి కార్తెకల్లా షెడ్డుకు చేరతాయి. అది ఏటా ఉన్నదే. ఈమధ్య మాత్రం హెడ్డు పని చేయించుకుని వెళ్లిన బండ్లే మళ్లీ వస్తున్నాయి, అదీ తాడు కట్టి లాక్కుంటూ.

పోయిన వారం వచ్చిన డీజిల్ డిజైర్ అలాంటిదే. వేరే ఊళ్లో హెడ్ గ్యాస్కెట్ మార్పించి నెల తిరగలేదు. హైవే మీద ఆయిల్ లైటు వెలిగింది, కింద నుంచి టకటకమని చప్పుడు, పక్కకు తీసేలోపే ఇంజన్ పట్టేసింది. వెనకొచ్చే లారీ డ్రైవరు గమనించి బ్రేకు కొట్టాడు కాబట్టి మనుషులు మిగిలారు. చాంబర్ (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) విప్పి, పిస్టన్‌ను క్రాంకుకు కలిపే కనెక్టింగ్ రాడ్ బేరింగ్ షెల్ వెలుతురుకు తిప్పి చూస్తే, మెత్తటి పూతలో సన్నటి నల్ల రవ్వ గుచ్చుకుని ఉంది. గోరుతో గీస్తే గరగరమంది. ఇంజన్‌లో తిరిగే ఇరుసు, అదే క్రాంకు, దాని చుట్టూ గీతలు. గ్యాస్కెట్ మాత్రం చెక్కుచెదరలేదు!

ఆ రవ్వ ఎక్కడిదో వెతకనక్కర్లేదు. హెడ్డు దించాక బ్లాకు మీద అంటుకుని ఉన్న పాత గ్యాస్కెట్ ముక్కల్ని గీకాలి. స్క్రాపర్‌తో గీకితే పూట పడుతుంది. "మిషన్ పెడితే రెండు నిమిషాలన్నా" అంటాడు కుర్రాడు, చిన్న గ్రైండర్‌కి గరుకు కాగితం లాంటి ఎమరీ డిస్కు తగిలిస్తాడు. బ్లాకు అద్దంలా మెరుస్తుంది. ఓనరు ఫొటో తీసుకుని సంతోషపడతాడు.

ఆ డిస్కులో ఉండేది అల్యూమినియం ఆక్సైడ్. ఉక్కును కోసే సరుకు అది. తిరుగుతున్నంతసేపూ పొడి రాలుతూనే ఉంటుంది, సిలిండర్లలోకి, ఆయిల్ దారుల్లోకి, అక్కడి నుంచి చాంబర్‌లోకి దిగుతుంది. ఆయిల్ ఫిల్టర్ ఆపుతుందిలే అనుకోవద్దు. సన్న రవ్వ ఫిల్టర్ దాటిపోతుంది, బేరింగ్‌లో ఉండే ఆయిల్ పొర అంతకన్నా పలచన. ఎమరీ బదులు మెత్తటి ప్లాస్టిక్ కుచ్చుల డిస్కు వాడితే ఏమీ కాదనే మాట కూడా నమ్మకండి, ఆ కుచ్చుల్లోనూ ఇదే పొడి కలిపి ఉంటుంది. జనరల్ మోటార్స్ చాలా ఏళ్ల కిందటే ఈ డిస్కులు వద్దని తన సర్వీసు మెకానిక్‌లకు ప్రత్యేకంగా బులెటిన్ పంపింది. మన షెడ్లలో అది చదివినవాళ్లు ఎంతమందో నాకు అనుమానమే.

ఇంకో నష్టం ఉంది. చేతి మిషన్ ఎక్కడ ఎక్కువసేపు ఆగితే అక్కడ గుంట పడుతుంది, ముఖ్యంగా అల్యూమినియం హెడ్డు మీద. కంటికి కనపడదు, వేలికి తగలదు. ఇప్పటి కార్లలో చాలావాటికి వచ్చేది పలచని స్టీలు రేకుల పొరల గ్యాస్కెట్. పాతకాలపు మెత్తటి గ్యాస్కెట్ అయితే గరుకునీ గుంటనీ కొంత సర్దుకునేది. ఇది సర్దుకోదు. కాబట్టి మళ్లీ చెబుతున్నా: బ్లాకు మీద డిస్కు పెట్టకండి. హెడ్డు మీదా పెట్టకండి.

మరి ఎలా గీకాలి? ముందు సిలిండర్లలో, నీటి దారుల్లో, ఆయిల్ రంధ్రాల్లో పోగులు ఊడని గుడ్డ కుక్కండి. పిస్టన్ అంచు చుట్టూ సన్నగా గ్రీజు పూస్తే రాలినది అక్కడే అంటుకుంటుంది, తర్వాత తుడిచేయొచ్చు. గ్యాస్కెట్ రిమూవర్ కొట్టి నాననివ్వండి. అల్యూమినియం మీద ప్లాస్టిక్ స్క్రాపర్, ఇనుప బ్లాకు మీద బ్లేడు, అదీ పడుకోబెట్టినట్టు పట్టుకుని. ఓపిక లేకపోతే ఈ పని ఒప్పుకోకండి.

హెడ్డు సంగతి. వేడెక్కి గ్యాస్కెట్ పోయిన బండికి గ్యాస్కెట్ మాత్రమే మార్చి పంపేవాళ్లున్నారు. అల్యూమినియం హెడ్డు పోత ఇనుప బ్లాకుతో పోలిస్తే దాదాపు రెట్టింపు సాగుతుంది, బోల్టులు కదలనివ్వవు, దాంతో హెడ్డు వంగుతుంది. స్ట్రెయిట్ ఎడ్జ్ పెట్టి పొడవునా, అడ్డంగా, ఐమూలగా ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్న రేకు) దూర్చి చూడండి. చిన్న కార్లలో చాలావాటికి ఆ సందు హద్దు 0.05 మి.మీ. చుట్టుపక్కలే, మీ ఇంజన్ మాన్యువల్లో ఏముంటే అదే ఆఖరి మాట. బ్లాకుకీ అదే పరీక్ష. పగులు కంటికి దొరకదు, లేత్ షాపులో ప్రెషర్ టెస్ట్ చేయించాల్సిందే. ఫేసింగ్ (హెడ్డు అడుగును లేత్ షాపులో కోసి చదును చేయడం) అనగానే తల ఊపకండి. ఎంత తీయొచ్చో అడగండి, ఎంత తీశారో రాయించుకోండి. కొన్ని డీజిల్ హెడ్లకు ఫేసింగ్ అసలు పనికిరాదు, ఎక్కువ తీస్తే వాల్వులు వెళ్లి పిస్టన్లకు తగులుతాయి. డీజిల్ గ్యాస్కెట్లు ఒకే మందంలో రావు, బ్లాకు అంచు దాటి పిస్టన్ పైకి ఎంత పొడుచుకొచ్చిందో కొలిచి ఎంచుకోవాలి. పాతదాని అంచున మందం తెలిపే గాట్లు లెక్కపెట్టకుండా పారేయొద్దు.

బోల్టులు. ఇంజన్ పూర్తిగా చల్లారాకే పానా పట్టుకోండి, వేడి మీద విప్పితే బాగున్న హెడ్డు కూడా వంగుతుంది. విప్పడం చివర్ల నుంచి మధ్యకు, బిగించడం మధ్య నుంచి చివర్లకు. డిగ్రీల లెక్కన బిగించే బోల్టులు ఒకసారి సాగాక మళ్లీ పనికిరావు, కొత్తవి కొనండి. బోల్టు రంధ్రాల్లో ఆయిల్, నీళ్లు ఉండకూడదు. ఉంటే బోల్టు దిగేకొద్దీ ఆ ద్రవానికి పోయే దారి లేక బ్లాకు పగులుతుంది, లేదా టార్క్ రెంచ్ (బిగింపు బలం కొలిచే పానా) ముందే క్లిక్‌మని మనల్ని మోసం చేస్తుంది. గాలి కొట్టి ఆరబెట్టండి. కళ్లద్దాలు పెట్టుకుని కొట్టండి, ఆ రంధ్రంలోని మురికి నేరుగా మొహం మీదికే వస్తుంది.

ఇక మిగతావి, గుర్తొచ్చిన వరుసలో.

బ్యాటరీ నెగటివ్ వైరు ముందు తీయండి.

ఇంజెక్టర్లకు డీజిల్ పంపే కామన్ రైల్ పైపు ఇంజన్ ఆపీ ఆపగానే విప్పకండి. ఇంజన్ నడిచేటప్పుడు లోపల ప్రెషర్ 1,000 బార్ కూడా దాటుతుంది. కారుతోందేమోనని వేలు పెట్టి చూడకండి. డీజిల్ చర్మంలోకి దూరితే సూది గుచ్చినంత గుర్తే ఉంటుంది, నొప్పి కూడా తెలియకపోవచ్చు, చెయ్యి పోతుంది. వెంటనే పెద్దాసుపత్రికి.

టైమింగ్ గుర్తులు పెట్టకుండా చైను, బెల్టు వదలొద్దు.

దించిన హెడ్డును బోర్లా నేల మీద పెట్టకండి. వాల్వులు, గ్లో ప్లగ్గులు వంగుతాయి. రెండు చెక్కల మీద ఆనించండి.

కొత్త గ్యాస్కెట్‌కి షెల్లాక్ వద్దు, సిలికాన్ వద్దు. కంపెనీ ఫలానా మూలలో చుక్క పెట్టమంటే అక్కడే, అంతే.

టార్క్ అంకె యూట్యూబ్‌లో చూసి బిగించొద్దు. ఒకే పేరు కారులో రెండు ఇంజన్లుంటాయి.

బ్లాకు మీద డిస్కు వద్దన్నానా? గ్రైండర్‌కి ఇనుప తీగల బ్రష్ తగిలించడం కూడా వద్దు. తీగలు ఊడి ఆయిల్ రంధ్రంలో పడతాయి.

మొదటిసారి సెల్ఫ్ కొట్టేముందు ప్లగ్గులు, డీజిల్ అయితే గ్లో ప్లగ్గులు విప్పి ఇంజన్ తిప్పండి. సిలిండర్లో నీళ్లు నిలిచి ఉంటే అవి బయటికి చిమ్ముతాయి. విప్పకుండా కొడితే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది.

ఆయిల్, ఫిల్టర్ రెండూ మార్చండి. కొన్నాళ్లు తిరిగాక మళ్లీ మార్చండి. ఖర్చు చూసుకోవద్దు, క్రాంకు ఖర్చు చూసుకోండి.

బోరు నీళ్లు పోయకండి. రేడియేటర్‌లో చవుడు పేరుకుంటుంది, అల్యూమినియం తినేస్తుంది. నీళ్లు కలపని కూలెంట్ అయితే, అదీ డిస్టిల్డ్ వాటరూ సగం సగం.

గాలి బుడగ పోయేదాకా, హీటర్ ఫుల్లుగా పెట్టి, ఫ్యాన్ ఒకసారి తిరిగి ఆగేదాకా బండి ఇవ్వకండి.

అసలు బండి ఎందుకు వేడెక్కిందో తేల్చకుండా హెడ్డు ఎక్కించకండి. థర్మోస్టాట్, వాటర్ పంపు, ఫ్యాన్ రిలే, రేడియేటర్ అన్నీ చూడండి.

ఓనర్లకు: పాత గ్యాస్కెట్, పాత బోల్టులు మీ ముందు పెట్టమనండి. బ్లాకు దేనితో శుభ్రం చేస్తారో పని మొదలుకాకముందే అడగండి. "డిస్కుతో" అంటే బండి తీసుకుని వెళ్లిపోండి.

దించిన కూలెంట్ కాలవలో పోయకండి. తియ్యగా ఉంటుంది, కుక్కలు నాకి చస్తాయి, పిల్లలకీ విషమే. క్యానులో పోసి మూత బిగించి, మీద "కూలెంట్" అని రాయండి. కూల్‌డ్రింక్ సీసాలో మాత్రం పోయకండి.