గూట్లోంచి పడిన పిట్ట పిల్లను తల్లి దగ్గరికి చేర్చడం ఎలా?

ఏప్రిల్ వచ్చిందంటే మా వీధి పిల్లలు అట్టపెట్టెలు పట్టుకుని గేటు దగ్గర నిలబడతారు. "ఆంటీ, పిట్ట పిల్ల పడిపోయింది!" పెట్టెలో గోరింక పిల్లో, పిగిలిపిట్ట (బుల్‌బుల్) పిల్లో ఉంటుంది. దాని చుట్టూ అన్నం మెతుకులు, సీసా మూతలో పాలు. పదిహేనేళ్లుగా ఇదే చూస్తున్నాను. కింద పడిన దెబ్బకు పోయిన వాటికంటే, జాలిపడి మనం పోసిన పాలకు, నీళ్లకు పోయిన పిల్లలే నా దగ్గరికి ఎక్కువ వచ్చాయి. మీ పని దాన్ని పెంచడం కాదు. తల్లికి అందే చోట పెట్టడం.

1. ముందు దాని వయసు చూడండి

ఒంటి నిండా ఈకలుండి, తోక పొట్టిగా ఉండి, కాళ్ల మీద గెంతుతుంటే అది పడిపోయిన పిల్ల కాదు, గూడు దిగిన పిల్ల. పిగిలిపిట్ట పిల్లలు ఎగరడం సరిగా రాకముందే గూడు వదిలేస్తాయి. కొన్ని రోజులు పొదల్లో, నేల మీద తిరుగుతాయి. తల్లీతండ్రీ అక్కడికే వచ్చి మేత పెడతాయి. అలాంటి పిల్లను ఇంటికి తెస్తే తల్లి దగ్గర్నుంచి ఎత్తుకొచ్చినట్టే. రోడ్డు మీద ఉంటే పక్క పొదలోకి చేర్చండి, కుక్కను కట్టేయండి, వచ్చేయండి. కాకి పిల్లయితే గొడుగు వేసుకుని వెళ్లండి. పెద్ద కాకులు నెత్తి మీద పొడుస్తాయి.

ఈకలు లేకుండా, లేదా ముళ్లలా అప్పుడే పొడుచుకొస్తూ ఉంటే అది నిజంగా పడిన పిల్ల. ఇక చెప్పేదంతా దాని కోసమే.

రెక్క వేలాడుతున్నా, రక్తం వస్తున్నా, పిల్లి నోట పడినా ఆలస్యం చేయకుండా పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. పిల్లి పంటి గాటు బయటికి చుక్కంతే కనిపిస్తుంది. కానీ దాని నోట్లోని బాక్టీరియా లోపలికి వెళ్లిందంటే యాంటీబయాటిక్ లేకుండా ఆ పిల్ల బతకడం కష్టం.

2. వెచ్చబెట్టండి, నోట్లో ఏమీ పోయకండి

ఈకల్లేని పిల్ల ఒంటి వేడిని తనంతట తాను నిలుపుకోలేదు. ముట్టుకుంటే చల్లగా ఉందా? చిన్న సీసాలో వేడినీళ్లు పోసి, బట్ట చుట్టి, పెట్టెలో ఒక పక్కన పెట్టండి. ఎక్కువైతే పిల్ల పక్కకు జరిగే చోటుండాలి. చాలామంది బల్బు వేలాడదీస్తారు. నేను ఒప్పుకోను. బల్బు పై నుంచి ఒళ్లు ఎండగొడుతుంది, కరెంటు పోతే ఒక్కసారిగా చల్లబరుస్తుంది. సీసా వేడి తల్లి పొట్ట కింద ఉన్నట్టు మెల్లగా తగులుతుంది.

మే నెల ఎండలో పడిన పిల్లకు మాత్రం ఇది వద్దు. నోరు తెరిచి గబగబా ఎగశ్వాస తీస్తుంటే అది దాహం కాదు, వేడి. నీడలోకి తీసుకురండి చాలు.

పిట్టలకు నాలుక మొదట్లోనే శ్వాసగొట్టం రంధ్రం ఉంటుంది. ఇంకు ఫిల్లరుతో నీళ్లు వేస్తే నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతాయి. నేను కాపాడాలనుకున్న మొదటి పిచ్చుక పిల్లకు చక్కెర నీళ్లు పట్టాను. ముక్కు రంధ్రాల్లోంచి బుడగలు వచ్చాయి. పది నిమిషాల్లో పోయింది. దానికి కావాల్సిన నీరు తల్లి పెట్టే పురుగుల్లోనే ఉంటుంది. పాలు పిట్టలకు అరగవు. అన్నం, బ్రెడ్డు కూడా వద్దు.

3. గూడు అందితే తిరిగి అందులోనే పెట్టండి

మనిషి చెయ్యి తగిలితే తల్లి దగ్గరికి రానివ్వదని అమ్మమ్మల కాలం నుంచి అంటున్నారు. నిజం కాదు. వాసన చూసి కన్నపిల్లను వదిలేసే పిట్టను నేను ఇంతవరకూ చూడలేదు. నిచ్చెన వేయండి, పెట్టండి, దిగిపోండి.

4. గూడు అందకపోతే, లేదా చెదిరిపోతే

అందరూ చెడగొట్టేది ఇక్కడే. కాబట్టి ఓపికగా చదవండి.

మేదర బుట్టే వాడండి. ఐస్‌క్రీం డబ్బాకు చిల్లులు పెట్టి వాడతారు కొందరు, చెప్పుల డబ్బా కట్టేవాళ్లూ ఉన్నారు. డబ్బా ఎండకు కాలిపోతుంది, అట్ట వానకు నానిపోతుంది. వెదురు బుట్టలో గాలి ఆడుతుంది, నీళ్లు కారిపోతాయి. అంచు మీద తల్లి కాళ్లు పట్టుకుని నిలబడగలదు. జానెడు వెడల్పు, నాలుగు వేళ్ల లోతు చాలు. లోతెక్కువైతే తల్లి దిగదు, తక్కువైతే పిల్ల మళ్లీ పడుతుంది.

అడుగున ఎండుగడ్డి ఒత్తుగా పరిచి, మధ్యలో పిడికిలితో గుంట చేసి, పైన టిష్యూ పేపరు వేయండి. నున్నటి అడుగు మీద పిల్ల కాళ్లు చెరో పక్కకు జారి అలాగే వంకరపోతాయి. దూది గోళ్లకు చిక్కుతుంది. కొబ్బరి పీచు, దారం కాళ్లకు చుట్టుకుని రక్తం ఆపేస్తాయి. పచ్చిగడ్డి చల్లబరుస్తుంది. పాత గూడు ముక్కలు దొరికితే వాటినే బుట్టలో సర్దండి. ఎన్ని పిల్లలు పడితే అన్నీ ఒకే బుట్టలో ఉండాలి.

ఎక్కడ కట్టాలి? అదే చెట్టుకు, పాత గూటికి ఎంత దగ్గరైతే అంత దగ్గర. మీ తలకంటే ఎత్తులో కట్టండి. మధ్యాహ్నం మూడు గంటలకు అక్కడ నీడ ఉంటుందో లేదో చూసుకోండి. పొద్దున నీడగా ఉన్న కొమ్మ పడమటెండకు పెనంలా కాలుతుంది. బుట్ట ఊగకుండా రెండు చోట్ల కట్టండి. కట్టేముందు ఆ కొమ్మకు చీమల బారు ఉందేమో చూడండి. ఈకల్లేని పిల్లను చీమలు బతికుండగానే కొరికేస్తాయి. చీమల మందు చల్లవద్దు, చీమలను చంపే చాక్‌పీసుతో గీత గీయవద్దు. అది పిల్లకు కూడా విషమే. వేరే కొమ్మ చూసుకోండి. గోరింక, పిచ్చుక కన్నాల్లో గూడు పెట్టే జాతులు కాబట్టి వాటి బుట్ట పైన సగం వరకు కొబ్బరాకు కప్పుతాను.

ఇప్పుడు వెళ్లిపోండి. నిజంగా వెళ్లిపోండి. అందరూ చెట్టు కింద నిలబడి, ఫోను ఎత్తి వీడియో తీస్తూ, "తల్లి రావట్లేదు ఆంటీ" అంటారు. ఎలా వస్తుంది? నోట్లో పురుగు పట్టుకుని పక్క కొమ్మ మీద అరుస్తూనే ఉంటుంది. మీరు కనబడినంత సేపూ బుట్ట జోలికి రాదు. ఇంట్లోకి పోయి, కిటికీ తెర చాటు నుంచి కనీసం రెండు గంటలు చూడండి. ఐదు నిమిషాలకోసారి వెళ్లి బుట్టలోకి తొంగి చూస్తే లెక్క మళ్లీ మొదటికొస్తుంది. పావురమైతే ఇంకా ఎక్కువసేపు చూడాలి, అది రోజుకు కొన్నిసార్లే మేపుతుంది. గుడ్లగూబయితే రాత్రి వస్తుంది.

తల్లి తెల్లటి చిన్న పొట్లం ముక్కున పట్టుకుని బుట్టలోంచి ఎగిరిపోతే ఇక మీరు నిశ్చింతగా ఉండొచ్చు. అది పిల్ల రెట్ట. మేత పెట్టింది, శుభ్రం చేసింది, బుట్టను తన గూడుగా ఒప్పుకుంది.

చీకటి పడ్డాక పిల్ల దొరికితే రాత్రికి పెట్టెలో వెచ్చగా, చీకట్లో ఉంచి, తెల్లవారుతుండగా బుట్ట కట్టండి.

5. తల్లి రాకపోతే

అటవీశాఖకు ఫోన్ చేయండి. హైదరాబాద్, విశాఖ, తిరుపతిలో ఉన్నవాళ్లు జూపార్కు వాళ్లను కూడా అడగొచ్చు. ఆ రోజుకు ఎవరూ అందకపోతే, పిల్ల వెచ్చగా ఉండి తనంతట తాను నోరు తెరుస్తుంటే, పెంపుడు పిల్లులకు పెట్టే గట్టి మేతను (డ్రై క్యాట్ ఫుడ్) మెత్తగా నానబెట్టి, నీళ్లు పిండేసి, బియ్యపు గింజంత ముక్క గొంతు లోపలికి పెట్టండి. బలవంతంగా నోరు తెరవకండి. ఇది గోరింక, పిచ్చుక, పిగిలిపిట్టలకే. పావురం పిల్లకు పనికిరాదు.

రామచిలుక పిల్ల దొరికిందని పంజరం కొనకండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని ఇంట్లో పెంచుకోవడం నేరం.

పిల్లలు ఎగిరిపోయాక కూడా బుట్ట వెంటనే విప్పను. రెండు రోజులు ఆగుతాను. ఆఖరి పిల్ల ఒక్కోసారి రాత్రికి మళ్లీ వచ్చి అందులోనే పడుకుంటుంది.